తెల్ల పొగ వస్తుంటే తలుపు తీయొద్దు: లిథియం బ్యాటరీ మంటల దగ్గర ఏం చేయాలి

పోయిన వేసవిలో ఒక రాత్రి రెండున్నరకు వాకీటాకీలో "హొగె బర్తా ఇదె సార్" (పొగ వస్తోంది సార్) అని సెక్యూరిటీ అబ్బాయి అరిచాడు. సర్జాపూర్ రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్, రెండో బేస్‌మెంట్, చార్జింగ్‌కి పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ సీటు కింద నుంచి తెల్లటి పొగ. మంట లేదు. మా టీంలో మదనపల్లె కుర్రాడొకడు ఉన్నాడు, ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేసి వచ్చి నాలుగు నెలలైంది. పిల్లర్‌కి తగిలించిన ఏబీసీ సిలిండర్ (పౌడర్‌తో మంటలార్పేది) తీసి, పిన్ను పీకి, నేరుగా ఆ సీటు మీదికి వంగాడు. వాడి కాలర్ పట్టుకుని వెనక్కి లాగాను. అర నిమిషం కాలేదు, ఆ పొగంతా ఒక్కసారిగా అంటుకుంది. గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పి, లైటర్ ఆలస్యంగా కొడితే "భుప్" మంటుంది చూడండి, అదే, కాకపోతే మనిషి ఎత్తున. వాడి కనుబొమ్మలు వాడికే ఉన్నాయంటే నా గొప్పేం లేదు, అదృష్టం.

బెంగళూరు టెక్ పార్కుల్లో, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఫైర్ టెక్నీషియన్లుగా చేసే మన అనంతపురం, చిత్తూరు, కడప కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫైరింజన్ ఈ ట్రాఫిక్‌లో వచ్చేలోపు మొదటి పావుగంట మీ చేతుల్లోనే ఉంటుంది. ఫైర్ సర్వీసులో కొత్తగా చేరిన వాళ్లకూ పనికొస్తుంది, మీ ట్రైనింగ్‌లో చెప్పినదానికి తేడా కనిపిస్తే మాత్రం మీ ఆఫీసర్ మాటే వినండి.

చిక్కు ఎక్కడుందంటే, మనకు మొదటి నుంచీ అలవాటైన పద్ధతే ఇక్కడ మన కొంప ముంచుతుంది. చెత్త గానీ చెక్క గానీ డీజిల్ గానీ, మంట ఆరిపోతే సగం పని అయిపోయినట్టే. బ్యాటరీ దగ్గర మంట ఆరిపోయి పొగ మాత్రం వస్తూనే ఉంటే, అప్పటిదాకా కాలిపోతున్న గ్యాస్ ఇప్పుడు కాలకుండా గదిలో పోగవుతోందని అర్థం. మండుతున్న బ్యాటరీ కంటే మండకుండా పొగ కక్కుతున్న బ్యాటరీకే నేను ఎక్కువ భయపడతాను.

ఆ పొగలో ఏముంది

లిథియం అయాన్ సెల్‌లో ఒకవైపు గ్రాఫైట్, ఇంకోవైపు నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడో లేకపోతే ఐరన్ ఫాస్ఫేటో ఉంటుంది. రెండింటి మధ్య కాగితం కంటే పల్చటి ప్లాస్టిక్ పొర, దాన్ని సెపరేటర్ అంటారు. ఇవన్నీ నానుతూ ఉండేది ఎలక్ట్రోలైట్‌లో. ఎలక్ట్రోలైట్ అనగానే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే యాసిడ్ నీళ్లు గుర్తొస్తాయి గానీ ఇది వేరు, ఇది అంటుకునే సాల్వెంట్. కింద పడి నలిగినా, తప్పుడు చార్జర్‌తో ఓవర్‌చార్జ్ అయినా, తయారీలోనే లోపమున్నా సెల్ వేడెక్కుతుంది. సుమారు 100 డిగ్రీల దగ్గర గ్రాఫైట్ మీద ఉండే రక్షణ పొర విరిగిపోవడం మొదలవుతుంది, 130 దాటితే సెపరేటర్ కరిగి లోపల షార్ట్ అవుతుంది, అక్కణ్ణుంచి బయటి వేడితో పనిలేదు, తన వేడి తానే పుట్టించుకుంటుంది. థర్మల్ రన్‌అవే అనేది దీన్నే. నికెల్ రకం సెల్స్ అయితే లోపల ఆక్సిజన్ కూడా అవే వదులుతాయి, అందుకే గాలి ఆడకుండా కప్పేస్తే ఆరిపోతుందన్న లెక్క ఇక్కడ కుదరదు.

ఒక సెల్ పోతే పక్క సెల్‌ని కాలుస్తుంది. 3 కిలోవాట్ అవర్ల స్కూటర్ ప్యాక్‌లో, మన బొటనవేలంత ఉండే 21700 సెల్స్ వాడితే, 160 దాకా ఉంటాయి. ఒక్కొక్కటీ తన వంతు వచ్చాక పేలుతుంది. దీపావళి నాడు సీమటపాకాయలు తడిసి, ఆగి ఆగి పేలినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఆగిపోయింది కదా అని దగ్గరికి వెళ్లినప్పుడే ఇంకోటి పేలుతుంది, పేలిన సెల్ రాకెట్‌లా ఎగిరి పదడుగుల అవతల పడి అక్కడ ఇంకో మంట పెడుతుంది.

ఇక గ్యాస్. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఇథిలీన్, వాటితో పాటు ఆవిరైన సాల్వెంట్. తెల్లగా, ఆవిరిలా కనిపించేది ఎక్కువగా ఆ సాల్వెంట్ తుంపరలే. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు వచ్చే ఆవిరికీ దీనికీ కంటికి తేడా తెలియదు, అందుకే చాలా మంది దీన్ని లెక్కచేయరు. వంటగ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. సాల్వెంట్ ఆవిరి నేలబారున పాకుతుంది, హైడ్రోజన్ సీలింగ్‌కి చేరుతుంది, కాబట్టి వంగి వెళ్తే ఏం కాదులే అన్న ధీమా వద్దు.

ఇంకోటుంది, హైడ్రోజన్ ఫ్లోరైడ్. ఎలక్ట్రోలైట్‌లో కలిపే లిథియం ఉప్పు వేడికి విరిగితే పుడుతుంది. రంగుండదు. గొంతు, కళ్లు మండిస్తుంది, చర్మంలోంచి కూడా లోపలికి దిగుతుంది. మీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో బర్నాల్‌తో పాటు, ఇది తగిలిన చర్మానికి రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉందేమో చూడండి. నేను వెళ్లిన చోట్ల చాలావరకు దాని పేరే వినలేదన్నారు.

"మాది ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ అన్నా, అది సేఫ్ కదా" అని ప్రతి ట్రైనింగ్‌లో ఒకరైనా అంటారు. ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఆ రకం అంత తేలిగ్గా రన్‌అవేలోకి వెళ్లదు, వెళ్లినా అంత వేడి పుట్టించదు, అంతవరకు నిజమే. కానీ అది వదిలే గ్యాస్‌లో హైడ్రోజన్ వాటా ఎక్కువ, వేడి తక్కువ కావడంతో ఆ గ్యాస్ వెంటనే అంటుకోకుండా గదిలో నిండుతుంది. 2021 ఏప్రిల్ 16న బీజింగ్‌లో బ్యాటరీ స్టోరేజ్ కేంద్రం పేలి ఇద్దరు ఫైర్ సిబ్బంది చనిపోయారు. అక్కడున్నవి ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలే.

అంతకు రెండేళ్ల ముందు, 2019 ఏప్రిల్ 19న, అమెరికాలోని అరిజోనాలో సర్‌ప్రైజ్ అనే ఊళ్లో జరిగింది నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. బ్యాటరీ స్టోరేజ్ గదిలో సాయంత్రం పొగ కనిపించింది. గదిలో గ్యాస్‌తో మంటలార్పే సిస్టమ్ అప్పటికే విడుదలైంది. అది పెద్ద మంటను రానివ్వకపోయి ఉండొచ్చు, రన్‌అవేని మాత్రం ఆపలేదు. ఒక రాక్‌లో ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి పాకుతూ గది నిండా గ్యాస్ చేరింది. సిబ్బంది దాదాపు రెండు గంటలు బయట ఆగారు, గ్యాస్ రీడింగులు చూసుకున్నారు, పొగ తగ్గిందనుకుని తలుపు తీశారు. బయటి గాలి లోపలికి వెళ్లిన కొద్దిసేపటికే పేలింది. తలుపు ముందున్న వాళ్లు పదుల అడుగుల దూరం ఎగిరిపడ్డారు. వాళ్లేమీ తెలియని వాళ్లు కాదు, ప్రమాదకర రసాయనాల కోసం ట్రైన్ అయిన టీమ్.

కేక వినపడ్డాక

మొదట ఫోన్. 101 గానీ 112 గానీ, "ఫైర్" అని ఊరుకోకుండా "బ్యాటరీ" అన్న మాట వాడండి, స్కూటరా కారా యూపీఎస్ గదా చెప్పండి, ఎన్నో బేస్‌మెంటో చెప్పండి. ఫైరింజన్ మీ ర్యాంపులో పట్టదు, కాబట్టి ఏ గేటు నుంచి వస్తే హైడ్రెంట్‌కి (ఫైర్ హోస్ తగిలించే నీళ్ల పైపుకి) దగ్గరో కూడా అప్పుడే చెప్పేసి, గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. ఇది రాయడానికి రెండు లైన్లే గానీ, ఇంజన్ లేఔట్ చుట్టూ రెండు రౌండ్లు తిరిగిన సందర్భాలు చూశాను.

కరెంటు తీయాల్సింది చార్జింగ్ డీబీ (బ్రేకర్లుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దగ్గర, స్కూటర్ దగ్గర ప్లగ్ పీకడం కాదు. మెయిన్ మొత్తం లాగేయకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఫైర్ పంపు మనకు కావాలి. ఆ ఫ్యాన్లు కూడా పైన ప్యానెల్ నుంచే ఆన్ చేయండి. పొగ నిండిన చోట ఏ స్విచ్ ముట్టుకున్నా చిన్న నిప్పురవ్వ పుట్టొచ్చు.

తర్వాత మెట్ల తలుపులు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో బేస్‌మెంట్ నుంచి లిఫ్ట్ లాబీకి ఫైర్ డోర్ ఉంటుంది, దానికి ఎవరో ఒకరు ఇటుక అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు, గాలి రావాలని. ఆ ఇటుక తీసి తలుపు మూయడం మీరు చేసే అన్ని పనుల్లోకీ విలువైన పని. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. మంట కిందే ఉంది, పొగ మెట్ల మీదుగా పైకి వెళ్లింది. పై అంతస్తుల వాళ్లని బేస్‌మెంట్ వైపు మెట్ల నుంచి దింపకండి, రెండో మెట్లుంటే అటు నుంచి దింపండి. లిఫ్టులు గ్రౌండ్‌కి తెచ్చి ఆపేయండి.

ఇంత చేశాక, అప్పుడు బ్యాటరీ సంగతి.

బీఏ సెట్, అంటే వీపుకి గాలి సిలిండర్ తగిలించుకుని మొహానికి మాస్క్ పెట్టుకునే సెట్, లేకపోతే బేస్‌మెంట్‌లోకి దిగొద్దు. తడి కర్చీఫ్, కోవిడ్ నాటి మాస్క్, పెయింటర్లు వాడే మాస్క్, ఇవేవీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపవు. మీ సైట్‌లో బీఏ సెట్లు అద్దాల పెట్టెలో తాళం వేసి ఉంటే తాళం చెవి ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి వాసన తగిలిందంటే మీరు ఇప్పటికే ఉండాల్సిన దానికంటే దగ్గరికి వచ్చేశారు. బుస్సుమని శబ్దం వినపడితే ఏదో సెల్ వెంట్ అవుతోంది, అంటే గ్యాస్ కక్కుతోంది, ఇంకొంచెం వెనక్కి జరగండి.

ఆర్పడానికి నీళ్లే. "లిథియం మీద నీళ్లు పోస్తే పేలుతుంది" అనేది స్కూల్లో సోడియం ముక్కని నీళ్లలో వేసిన జ్ఞాపకం. లిథియం అయాన్ సెల్‌లో లోహ రూపంలో ఉండే లిథియం దాదాపుగా ఉండదు, ఇక్కడ మన పని చల్లబరచడం, దానికి నీళ్లని మించింది లేదు. ఏబీసీ పౌడర్, సీఓటూ పైకి కనిపించే మంటని కొడతాయి గానీ ప్యాక్ లోపలి వేడిని తగ్గించవు. అంటే మంట పోయి గ్యాస్ మిగులుతుంది, మా కుర్రాడు చేయబోయింది అదే. దారికి అడ్డమున్న మంటని తప్పించుకుని బయటపడటానికో, పక్కన అంటుకున్న అట్టపెట్టెల్ని ఆర్పడానికో అయితే సిలిండర్ వాడుకోండి.

హైడ్రెంట్ హోస్ వేసుకుని, ఇద్దరు, పిల్లర్ చాటు నుంచి, స్ప్రేలో పెట్టి మొదలుపెట్టండి. స్కూటర్ ప్యాక్ 48 నుంచి 72 వోల్టులు ఉంటుంది, దూరం నుంచి కొట్టే నీళ్ల ద్వారా షాక్ కొడుతుందని టెన్షన్ పడక్కర్లేదు. గురి మంట మీద కాదు, ప్యాక్ ఉన్న చోట, అంటే ఫుట్‌బోర్డ్ కిందో సీటు కిందో. పైన ప్లాస్టిక్ బాడీ అడ్డం వస్తుంది, నీళ్లు ప్యాక్ కేసుకి తగలవు, అందుకే ఎంత కొట్టినా ఆరట్లేదనిపిస్తుంది. అలాగని గునపంతో ప్యాక్‌ని పెకిలించబోకండి, ఒక్క సెల్‌కి కన్నం పడితే కొత్తగా మొదలవుతుంది. ఆ రాత్రి మేము రెండు హోసులతో ఇరవై నిమిషాలు ఆపకుండా కొట్టాం. ఫైర్ టెండర్ ట్యాంకులో మామూలుగా 4,500 లీటర్లు ఉంటాయి, కారు బ్యాటరీ అయితే ఒక ట్యాంకు సరిపోతుందని నమ్ముకోవద్దు, బిల్డింగ్ ఫైర్ ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో వచ్చిన సిబ్బందికి ముందే చెప్పండి.

బెంగళూరు వాళ్లకి ఇంకో మాట. మన తాగునీటి సంపు మూత చాలా చోట్ల ఇదే బేస్‌మెంట్‌లో ఉంటుంది. బ్యాటరీ కడిగిన నీళ్లలో యాసిడ్, లోహాలు ఉంటాయి, ఆ నీళ్లు మూత సందుల్లోంచి సంపులోకి దిగితే మర్నాడు మొత్తం అపార్ట్‌మెంట్ తాగేది అదే. ఇసుక బస్తాలు చుట్టూ వేయండి, అనుమానముంటే సంపు పంపు ఆపేయండి.

స్కూటర్ బయట ఆరుబయట కాలుతోంది, చుట్టూ ఏమీ లేదు, అంటే కాలనివ్వండి. నిజంగా. పక్క బండ్లని తడుపుతూ దూరంగా నిలబడటమే అక్కడ తెలివైన పని.

మూసిన గది అయితే

మారతహళ్లి, బీటీఎం వైపు పీజీ గదులు తెలుసు కదా, పది బై పది, మూడు మంచాలు, తలుపు పక్కనే సాకెట్, ఆ సాకెట్‌కి డెలివరీ బండి బ్యాటరీ. నిద్రలో ఉండగా అది అంటుకుంటే పారిపోయే దారి దాని మీదుగానే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇలాగే పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. దానికి నెల ముందు వేలూరులో తండ్రీ కూతురూ పోయారు, వాళ్ల ప్రాణం తీసింది పొగే. మీరు పీజీలో ఉంటూ ఇది చదువుతుంటే బ్యాటరీని తలుపుకి ఎదురు మూలకి మార్చండి, ఇంకా మంచిది, గది బయట పెట్టండి.

అలాంటి గది తలుపు ముందు మీరు నిలబడ్డారనుకోండి. తలుపు కింద సందులోంచి తెల్ల పొగ వస్తోంది, లోపల మంట వెలుగు లేదు, మనుషులు లేరని పక్కాగా తెలిసింది. తలుపు తీయకండి. తలుపుకి ఎదురుగా నిలబడకండి కూడా, పేలితే ఆ తలుపే మీ మీదికి వస్తుంది. ఆ అంతస్తు, పై అంతస్తు ఖాళీ చేయించండి. గాలి ఆడించాలంటే బయటి నుంచి, దూరం నుంచి, కిటికీ అద్దం పగలగొట్టాలి. అదీ కింద వీధిలో జనాన్ని తోలేశాక, ఫైర్ సిబ్బంది చేతుల మీదుగా అయితే మేలు.

లోపల మనిషి ఉంటే లెక్క వేరు, అక్కడ ఎవరూ ఆగరు, ఆగమని నేనూ చెప్పను. బీఏ సెట్ వేసుకుని, నీళ్లు నిండిన హోస్ చేతిలో పట్టుకుని, గోడ చాటున ఉండి తలుపు కొంచెం తీసి, నీళ్లు లోపలికి చల్లి, రెండు క్షణాలు ఆగి వెళ్లండి. ఈ పని ఒక్కరే చేయొద్దు.

కార్ల గురించి క్లుప్తంగా. ప్యాక్ ఫ్లోర్ కింద ఉంటుంది, 300 నుంచి 400 వోల్టులు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే కోయకండి, ముట్టకండి. శబ్దం లేదు కాబట్టి ఆగి ఉందనుకోవద్దు, చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టాకే ముందుకు వెళ్లండి. ఫైర్ బ్లాంకెట్ కప్పితే పక్క కార్లకి అంటుకోకుండా ఆపుతుంది, కానీ దాని కింద గ్యాస్ చేరుతుంది, కప్పాక అంచు ఎత్తి "ఆరిందా" అని చూసేవాడికి మొహం కాలుతుంది. ఫోన్లు, పవర్ బ్యాంకులకి ఇంత హంగామా అక్కర్లేదు, పట్టకారతో బకెట్ నీళ్లలో వేసి బయట పెట్టేయండి. ఉబ్బిన ఫోన్‌ని మాత్రం నొక్కి చూడకండి, అందరికీ ఆ సరదా ఎందుకో.

ఆరిపోయాక

మా స్కూటర్ నాలుగింటికి చల్లబడింది. థర్మల్ కెమెరాలో కేసు పైభాగం 40 డిగ్రీల లోపు చూపించింది, తాడు కట్టి ర్యాంపు మీదుగా బయటికి లాగాం, గేటు పక్కన వేప చెట్టు కింద పెట్టాం. అక్కడే తప్పు చేశాం. ఏడింటికి పావు తక్కువప్పుడు, పాలవాడు సైకిల్ స్టాండు వేస్తుండగా, మళ్లీ బుస్సుమంది. కెమెరా చూసేది కేసు పైభాగాన్ని, లోపల మధ్యలో ఉన్న సెల్‌ని కాదు. కాలకుండా మిగిలిన సెల్స్‌లో చార్జి అలాగే ఉంటుంది, గంటలకో రోజులకో మళ్లీ రాజుకోవచ్చు. 2025 జనవరి 16న అమెరికాలోని మాస్ ల్యాండింగ్‌లో కాలిన బ్యాటరీ కేంద్రం ఫిబ్రవరిలో మళ్లీ అంటుకుంది, అంత పెద్ద వాళ్లకే తప్పలేదు.

కాబట్టి చెట్టు, గోడ, గేటు, ఇంకో బండి, దేనికైనా 15 మీటర్ల దూరంలో, ఆరుబయట పెట్టండి, ఒక మనిషిని కాపలా ఉంచండి. విడి ప్యాక్ అయితే డ్రమ్ములో మునిగేలా నీళ్లు పోసి అందులో దించండి. మూత పెట్టకండి. నీళ్లలో మునిగిన ప్యాక్ కరెంటుకి నీళ్లు విరిగి హైడ్రోజన్ బుడగలు వస్తాయి, మూత పెడితే మీరే ఇంకో బాంబు తయారుచేసినట్టు. స్క్రాప్ వాడు వచ్చి "నాకిచ్చేయండి సార్" అంటాడు, ఇవ్వొద్దు, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. వరదల్లో మునిగిన బండ్లకీ ఇదే వర్తిస్తుంది. 2022 సెప్టెంబర్‌లో ఇదే సర్జాపూర్ రోడ్డు మునిగినప్పుడు చూశాం కదా, నీళ్లు తీసేశాక చార్జింగ్ పెట్టి చూద్దాం అనుకునేవాళ్లు ఎంతమందో. చెన్నైలో సముద్రపు నీళ్లు కలిస్తే ఇంకా చెడ్డది, ఉప్పు నీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది.

ఫైర్ సూట్, గ్లోవ్స్, బూట్లు అక్కడే నీళ్లతో కడిగి, విడిగా సంచిలో కట్టండి, కారు డిక్కీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లకండి, ఇంట్లో బట్టలతో మెషీన్‌లో అసలే వేయొద్దు. ఆ పొద్దున మా మదనపల్లె వాడు అదే యూనిఫాంతో క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేట్ ముందు కూర్చున్నాడు, లేపి స్నానానికి పంపించాను. ఆ రోజంతా వాణ్ణి గమనిస్తూనే ఉన్నాం, ఎందుకంటే ఈ గ్యాస్ దెబ్బ ఊపిరితిత్తుల్లో కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. మీకు గానీ మీ పక్కవాడికి గానీ సాయంత్రానికి దగ్గు పెరిగినా, ఆయాసం వచ్చినా హాస్పిటల్‌కి వెళ్లండి, వెళ్లినప్పుడు "పొగ పట్టింది" అని ఊరుకోకుండా లిథియం బ్యాటరీ పొగ, హైడ్రోజన్ ఫ్లోరైడ్ అని డాక్టరుకి విడమరిచి చెప్పండి, కాగితం మీద రాసి తీసుకెళ్లినా పర్లేదు.